నాటు మిరప విత్తనం మన చేతుల్లోనే ఉండాలి



ఊరుబిండి లేనిదే మన సీమ బిడ్డలకు సంగటి ముద్ద గొంతు దిగదు. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో నూరితే చాలు. అందులో చెనక్కాయ మన చేనిదే. మరి మిరపకాయ విత్తనం ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్న మనం వేసుకోవాలని మా అభిప్రాయం.

మిరప మొదట మన దేశపు పంట కాదు. అమెరికా ఖండంలో పుట్టిన ఈ మొక్కను సుమారు 500 సంవత్సరాల క్రితం పోర్చుగీసు వారు తెచ్చారు. అంతకుముందు మన కూరలకు ఘాటునిచ్చింది మిరియమే. వచ్చిన మొక్కను మన పెద్దలు ఏటా మంచి కాయలు ఏరి, విత్తనం దాచి, తమ నేలకు తగ్గట్టు మలచుకున్నారు. గుంటూరు సన్నం కారానికి, పక్కనున్న కర్ణాటకలోని బ్యాడగి రంగుకు పేరుపొందాయంటే కారణం అదే. ముడతలు పడే బ్యాడగి కాయకు 2011లో, టమాటాలా లావుగా ఉండే వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గౌరవం విత్తనం దాచిన రైతులదే.

హైబ్రిడ్ కాయల విత్తనం తిరిగి వేస్తే మొక్కలన్నీ ఒకేలా రావు. మెండెల్ బఠానీల పాఠం చదివిన వారికి ఇది కొత్త కాదు. అందుకే ఏటా ప్యాకెట్ కొనాలి. దిగుబడి కోసం కొనే రైతును మేము తప్పుపట్టడం లేదు. అప్పు తీర్చవలసిన వానికి దిగుబడి కావాలి. నాటు రకానికి తెగులు రాదని చెప్పడం కూడా అబద్ధమే. కానీ 2021-22లో తామర పురుగు మిరప తోటలను ఊడ్చేసినప్పుడు విత్తనం కొన్న డబ్బు కూడా మట్టిపాలైంది. ఇంట్లో గుప్పెడు విత్తనం ఉంటే మళ్ళీ విత్తడానికి చేయి చాచనక్కరలేదు. పైగా విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కును 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది.

“చదువుకోవడానికి వచ్చారా, చెట్లు పెంచడానికా?” అని కొందరు అడగవచ్చు. పుస్తకంలోని పరాగసంపర్కం పెరట్లో కనబడితే అది చదువు కాదా?

కాబట్టి మా విన్నపం ఇది. ఈసారి సెలవులకు వెళ్ళినవారు మీ అవ్వనడిగి నాటు మిరప విత్తనం తెండి. దాని పేరు, ఊరు కాగితంపై రాయండి. వంకాయ, టమాటా వేసిన చోట వేయకండి; అవన్నీ ఒకే కుటుంబం, తెగుళ్ళు అంటుకుంటాయి. బియ్యం కడిగిన నీళ్ళు పోయండి. రెండు రకాలు పక్కపక్కన ఉంటే కలిసిపోతాయి కనుక విత్తనానికి ఉంచే కొమ్మకు, పూలు విచ్చుకోకముందే పలుచని గుడ్డ సంచి కట్టండి. బాగా పండిన కాయలను నీడన ఆరబెట్టి, విత్తనాన్ని తడి తగలని సీసాలో దాచండి.

పదవ తరగతి ముగించి వెళ్ళే ప్రతి విద్యార్థికి టీ.సీ.తో పాటు ఒక విత్తన పొట్లం ఇద్దాం. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు మీ ఊరి విత్తనం గుప్పెడు తెండి. సోమందేపల్లి హాస్టల్ నుండి విత్తనం వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఊరుబిండి మన కారంతో నూరాలి.