ఏడేండ్ల పూచీ

మోటారు బండిని కొన్ననాడు ప్రభుత్వము దానికి 15 ఏండ్ల రిజిస్ట్రేషను పత్రము నిచ్చును. గడువు తీరిన పిదప సయితము, పరీక్షలో నెగ్గినచో, మరి 5 ఏండ్లకు పొడిగించును. మన రెండు తెలుగు రాష్ట్రములును సొంతకార్లపై జీవితకాలపు పన్నును మొదటనే పుచ్చుకొనుచున్నవి. కాని ఆ బండికి పుట్టుకతోనే ప్రాణాపాయకరమైన లోపమున్నదని తేలినపుడు, నిర్మాతను నిర్బంధించి దానిని బాగుచేయించు పూచీని మాత్రము మన నిబంధనలు ఏడవయేటితో ముగించుచున్నవి. పన్నునకు జీవితకాలము, ప్రాణమునకు ఏడేండ్లు! ఇది యేమి లెక్క యని మేమడుగుచున్నాము.

మొదట చట్టమును చూతము. 2012 నుండి కంపెనీల సంఘము తనకు తాను వ్రాసికొన్న ఐచ్ఛిక నియమావళి తప్ప, లోపముగల బండ్లను వెనుకకు పిలిపించుటకు మన దేశమున వేరు కట్టుబాటు లేకుండెను. 2019లో పార్లమెంటు మోటారు వాహనముల చట్టమునకు 110-ఎ సెక్షనును చేర్చినది. బండిలోని వారికిగాని, త్రోవన పోవువారికిగాని హాని చేయగల లోపము బయటపడినచో, ఆ రకపు బండ్లను రీకాలు చేయుమని నిర్మాతను ఆజ్ఞాపించు అధికారము కేంద్రమునకు దానివలన వచ్చినది. సొమ్ము తిరిగి యిచ్చుటయో, మరియొక బండి నిచ్చుటయో, బాగుచేయుటయో నిర్మాతకు విధి. మంచి సెక్షనే. అందులో ఏడేండ్ల మాటయే లేదు. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనలలో ఆ గీటు గీచిరి. పార్లమెంటు తెరచిన వాకిలిని కార్యాలయము సగము మూసినది.

ఈ గీటు వలన కలుగు కీడు ఇంధనపు కారుడు విషయమున స్పష్టముగా కానవచ్చును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అది పైకెగిరి పోక బండి క్రిందను, షెడ్డు మూలలందును పేరుకొనును. శూన్యమునకు 40 డిగ్రీల దిగువను సయితము పెట్రోలు అంటుకొనదగిన ఆవిరిని విడుచును. నేటి ఇంజనులలో ఇంధనము పంపు ఒత్తిడితో గొట్టములలో ప్రవహించును గాన, వెండ్రుకవాసి పగులు కలిగినను చుక్కగా గాక తుంపరగా చిమ్మును. కాగిన ఎగ్జాస్టు గొట్టమో, తీగలోని నిప్పురవ్వయో దానికి తోడైనచో మిగిలినది చెప్పనక్కరలేదు. రబ్బరు వేడికి బిగుసుకొని పగులుట, అతుకులు సడలుట, టాంకు తుప్పుపట్టుట – ఇవి మొదటియేట జరుగునవి కావు. ప్రమాదము పండు వేళకు చట్టము నిద్రకు పోవుచున్నది.

నిర్మాతల పక్షమున ఒక సమాధానము కలదు: పాతబండి కారుట అరుగుదల, అది యజమాని అశ్రద్ధ, దానికి మేమేల పూచీ పడవలెను? అరిగినదానికి యజమానియే పూచీ యని మేమును ఒప్పుకొందుము. కాని తప్పు రకపు రబ్బరును, తప్పు చోటను అమర్చిన గొట్టమును అరుగుదల యనరు. అది పుట్టుక లోపము. కాలము దానిని బయటపెట్టునే గాని సృష్టింపదు. 2014 ఏప్రిల్‌లో మారుతీ సుజుకీ కంపెనీ ఇంధనము పోయు గొట్టపు లోపమునకై లక్షకు పైబడిన కార్లను తానే పిలిచినది. అవి తయారై కొద్ది నెలలే యైనది. అట్టి లోపమే ఎనిమిదవ యేట బయటపడి, కంపెనీ మిన్నకున్నచో, వారిని కదలించుటకు నిబంధనలలో దారి యేది?

స్వచ్ఛందముగా పిలుతురులే యని నమ్మి కూర్చుండువారు అమెరికా చరిత్రను చదువవలెను. 1973లో ఫోర్డు కంపెనీ లోపల తయారైన ఒక పత్రమున, ప్రమాదములందు ఇంధనము కారకుండ చేయుటకు బండికి 11 డాలర్ల వంతున 13 కోట్ల 70 లక్షల డాలర్లగుననియు, చేయకున్న 180 మంది చత్తురనియు, మొత్తము నష్టము 4 కోట్ల 95 లక్షల డాలర్లేననియు లెక్క కట్టిరి. అది ఆ కంపెనీ పింటో కారును గూర్చియే గాక ఆనాటి అమెరికా బండ్లన్నిటిని గూర్చినది. ఐనను లెక్క లెక్కయే. పింటో టాంకు వెనుక ఇరుసునకు వెనుకనుండెను. 1978 జూనులో 15 లక్షల బండ్లను రీకాలు చేయుదుమనిరి. ఆగస్టులో ఇండియానా రాష్ట్రమున 1973 నాటి పింటోను వెనుకనుండి వ్యాను గ్రుద్దగా ముగ్గురు బాలికలు మంటలకు ఆహుతియైరి. రీకాలు ఉత్తరము ఆ యింటికి వారు పోయిన పిదప చేరెను. 1980లో జూరీ కంపెనీని నిర్దోషి యనినది. దానిని మేము దాచము. కాని ఆలస్యమైన ఉత్తరమునకు ఏ తీర్పును ప్రాణము పోయలేదు. ఆ దేశమే 2015లో ఉచిత మరమ్మతు గడువును 10 ఏండ్లనుండి 15 ఏండ్లకు పెంచినది. మనకు 7 ఏండ్లు చాలునా?

మరియొక వింత. 2025 నాటికి దేశమంతట పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిపిరి. కొన్ని పాతబండ్లలో 20 వేలు, 30 వేల కిలోమీటర్లు నడచిన పిదప రబ్బరు భాగములు మార్చవలసి రావచ్చునని పెట్రోలియము శాఖయే ఆ యేట ఒప్పుకొన్నది; ఖర్చు స్వల్పమే యన్నది. స్వల్పమైనచో దానిని యజమాని నెత్తిన వేయుటయేల? ఇంధనమును మార్చినవారు ఒకరు, బండిని చేసినవారు ఒకరు, ప్రమాదము మోయువాడు మూడవవాడు!

ఆ మూడవవాడెవడు? ఎనిమిదేండ్ల బండిని కొనువాడు లక్షాధికారి కాడు. చిల్లర వర్తకుడు, బడిపంతులు, చేతిమారు బండితో కుటుంబమును పోషించు డ్రైవరు. కంపెనీ కాగితములలో మొదటి యజమాని పేరే యుండును. ఉత్తరము పాత చిరునామాకే పోవును. నేటి యజమాని పేరు రవాణాశాఖ పుస్తకములలో నున్నది గదా!

కాబట్టి మేము కోరునది మూడు మాటలు. నిబంధనలలోని ఏడేండ్ల గీటును కొట్టివేసి రిజిస్ట్రేషను గడువంతయు పూచీ నిలుపవలెను. సెక్షనులో గీటు లేదు గాన దీనికి ఒక నోటిఫికేషను చాలును. రీకాలు నోటీసు నేటి యజమానికి, అతడు చదువగల భాషలో, రవాణాశాఖ ద్వారా చేరవలెను. బండి చేతులు మారునపుడు మిగిలిన రీకాలు మరమ్మతును నిర్మాతచేత ఉచితముగా చేయించిన పిదపనే పేరు మార్చవలెను.

అంతవరకు పాఠకులు చేయదగినదియు కలదు. బండిలో పెట్రోలు వాసన వచ్చినచో ఇంజను నాపి, అందరును దిగి, దూరముగా నిలువుడు. కారణము తెలియక తిరిగి నడుపకుడు. ఛాసిస్ నంబరుతో మీ బండికి రీకాలున్నదేమో కంపెనీ నడుగుడు. లోపము కనిపించినచో మెకానిక్కుతో చెప్పి ఊరకుండక, కేంద్రమునకు ఫిర్యాదు వ్రాయుడు. పఠనమందిరములవారు పదిమంది ఫిర్యాదులను కలిపి పంపవచ్చును. ఫిర్యాదుల సంఖ్యనుబట్టియు ఈ చట్టము కదలును. మౌనముగా నున్నవాడు దానికి లేనివానితో సమానము.