రాలేదని చెప్పడానికైనా నోరు రాదా?

ఏటా వేసవి సెలవుల నుంచి దసరా దాకా నా ఫోనుకు ఒకే ప్రశ్న వస్తూ ఉంటుంది. "మేడమ్, లిస్టు పెట్టారా?" డిగ్రీ పూర్తిచేసి ఎమ్మెస్‌డబ్ల్యూకు, అంటే సోషల్ వర్క్‌లో పీజీకి, దరఖాస్తు పెట్టుకున్న పిల్లల ప్రశ్న అది. డిగ్రీ కాలేజీలో వాళ్లకు సోషియాలజీ చెప్పేదాన్ని నేను. ఇలాంటి కోర్సు ఒకటుందని చెప్పిందీ, పక్కన కూర్చుని ఫారం నింపించిందీ నేనే కాబట్టి నన్నే అడుగుతారు. నా దగ్గర జవాబుండదు. జవాబు తెలిసినవాళ్లు ఫోనెత్తరు, మెయిల్‌కు బదులివ్వరు.

సీటు ఇవ్వలేదని కాదు నా కోపం. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. ర్యాంకు చాలకపోతే సీటు రాదు. ఆ సంగతి మా పిల్లలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, చిన్నప్పటి నుంచీ లేదనిపించుకోవడం వాళ్లకు అలవాటే. ఆ లేదన్న ముక్కైనా చెప్పకుండా నెలల తరబడి కూర్చోబెడుతున్నారే, దాని మీదే నా కోపమంతా. సాటి మనిషి కష్టం వినడం ఎలాగో నేర్పే చదువు ఇది. ఆ చదువులో చేరతామని వచ్చిన పిల్లల మాట వినే నాథుడు లేడు.

ఈ కోర్సుకు ఎవరొస్తారో ఒక్కసారి చూడండి. ఇంజనీరింగ్‌కైతే ఇంట్లోవాళ్లు పంపితే వెళ్లేవాళ్లుంటారు. ఎమ్మెస్‌డబ్ల్యూకు పంపేవాళ్లు ఎవరూ ఉండరు, "అదేం చదువే?" అని అడ్డుపడేవాళ్లు తప్ప. సంక్షేమ హాస్టల్లో పెరిగి, తనలాంటి పిల్లల కోసం పనిచేయాలనుకున్న అబ్బాయి వస్తాడు. అంగన్‌వాడీ టీచరైన తల్లి వెంట ఇల్లిల్లూ తిరిగి, బరువు తక్కువ పిల్లల పేర్లు రాసిపెట్టిన అమ్మాయి వస్తుంది. తండ్రిని తాగుడు మింగేస్తే, ఆ ఇంటి సంగతి అడగడానికి ఒక్క మనిషీ రాలేదన్న బాధతో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఏరికోరి వస్తారు వీళ్లంతా. ఇంత ఇష్టంగా వచ్చేవాళ్లు ఎన్ని కోర్సులకు దొరుకుతారు?

పోనీ, దేశానికి వీళ్ల అవసరం లేదా? చట్టాలే ఉందంటున్నాయి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి జువెనైల్ జస్టిస్ బోర్డులో మేజిస్ట్రేటు పక్కన ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చోవాలి, వారిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ ఎవరో కూడా నిర్వచించింది: సోషల్ వర్క్‌లో పీజీ చేసి, ఆపైన రెండేళ్ల ఎంఫిల్ పూర్తిచేసిన మనిషి. అంటే డిగ్రీ తర్వాత మరో నాలుగేళ్ల చదువు. అందులో మొదటి మెట్టు ఈ ఎమ్మెస్‌డబ్ల్యూయే. ఆ మెట్టు దగ్గరే ఏడాది పోగొట్టుకుంటే తర్వాతి చదువంతా ఏడాది వెనక్కి పోతుంది. ఈలోగా విధానాలూ మారిపోతాయి. ఎంఫిల్‌నే తీసేస్తామని యూజీసీ ప్రకటించి, క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఇలా గడువుల మీద నడిచే చదువులో ఒక ఏడాది ఆలస్యం చిన్న విషయం కాదు.

సోషల్ వర్క్ మనకు కొత్త చదువైతే సర్దుకుందుమేమో. టాటా వాళ్ల సంస్థ, ఇప్పుడు అందరూ టిస్ అని పిలిచేది, ముంబైలో 1936లో మొదలైంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1946లో, మద్రాస్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ 1952లో వచ్చాయి. ఇన్ని దశాబ్దాల అనుభవం ఉన్న రంగం, తనను వెతుక్కుంటూ వచ్చిన పిల్లలకు ఒక తేదీ చెప్పలేకపోతోంది.

దారి ఎంత మెలికలు తిరిగిందో వినండి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో పీజీ సీట్లకు 2022 నుంచి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ పెట్టారు. 2023లో టిస్ కూడా తన సొంత ఎంట్రన్స్ టిస్‌నెట్‌ను వదిలి దీనికే మారింది. పరీక్ష ఒకటే అయినా పిల్లల పని ఒక్కసారితో అవ్వదు. 2025లో పరీక్ష రుసుమే జనరల్ వాళ్లకు 1400 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 1100. స్కోరు వచ్చాక ఒక్కో విశ్వవిద్యాలయానికి మళ్లీ విడిగా రిజిస్ట్రేషన్, విడిగా రుసుం. కొన్నిచోట్ల ఆపైన ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇంట్లో సిగ్నల్ అందని తండాల పిల్లలు ఆ ఇంటర్వ్యూ కోసం మండల కేంద్రంలో ఎవరింట్లోనో గది అడిగి కూర్చుంటారు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు నరకం. మొదటి లిస్టు ఎప్పుడో తెలియదు. వెయిటింగ్ లిస్టులో పేరుంటే అది ఎంత కదులుతుందో తెలియదు. రెండో లిస్టు ఉందో లేదో కూడా తెలియదు. సీయూఈటీ పీజీ వచ్చిన తొలి ఏడాది పరీక్షే సెప్టెంబర్‌లో జరిగింది, ఫలితాలు ఆ నెలాఖరుకు వచ్చాయి. జూన్, జూలైల్లో బడులూ కాలేజీలూ తెరిచే దేశంలో పీజీ పిల్లలు దసరా దాకా ఏం చేయాలో ఎవరికీ పట్టలేదు.

రాష్ట్రాల్లో కథ ఇంకోలా ఉంటుంది. తెలంగాణలో ఉస్మానియా నిర్వహించే ఉమ్మడి ఎంట్రన్స్ సీపీగెట్. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో ఎంట్రన్స్ ఉన్న రోజులు పోయి 2021 నుంచి ఏపీ పీజీసెట్. ర్యాంకు, సర్టిఫికెట్ల పరిశీలన, వెబ్ ఆప్షన్లు, మొదటి విడత, రెండో విడత, చివరికి మిగిలిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు. ఈ క్యాలెండరుకూ, కేంద్రీయ సంస్థల క్యాలెండరుకూ పొంతన ఉండదు. అక్కడ వెయిటింగ్ లిస్టులో పేరుంటుంది, ఇక్కడ సీటు వచ్చింది రిపోర్ట్ చెయ్యమంటారు. చేరితే టీసీ, మెమోలు ఇచ్చెయ్యమంటారు. చేరకపోతే ఉన్న సీటు పోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. మధ్యలో మానేసిన వాళ్లకు 2024లో సెప్టెంబర్ 30 దాకా ఫీజు మొత్తం వెనక్కివ్వమని చెప్పింది. ఆ మాటలు కాగితం మీదే ఉన్నాయి. ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడ్డ పిల్లవాడికి చెప్పేది ఒక్కటే: "కడితే కట్టినట్టే, వెనక్కి రాదు."

అసలు డిగ్రీ కాలేజీ నుంచి ఆ సర్టిఫికెట్లు బయటకు రావడమే గగనం. ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడుతుంది. కాలేజీ ఆ డబ్బు పిల్లవాడిని కట్టమంటుంది. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న లెక్కకు తాకట్టు పడేది పేదపిల్ల మార్కుల మెమో. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివే పిల్లలకు రీయింబర్స్‌మెంటునే లేకుండా చేసింది. తెలంగాణలో స్పాట్‌లో చేరినవాళ్లకు రీయింబర్స్‌మెంట్ ఉండదు. అంటే జవాబు కోసం ఎదురుచూస్తూ ఆఖరిదాకా ఆగిన పిల్లే ఎక్కువ డబ్బు కట్టుకోవాలి. ఆలస్యం ఆఫీసుది, శిక్ష పిల్లది. ఇదెక్కడి న్యాయం?

నా విద్యార్థిని ఒకమ్మాయి సంగతి చెప్తాను. పేరున్న ఒక సంస్థకు దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూలో ఆ అమ్మాయిని అడిగారట, కష్టంలో ఉన్న మనిషి నీ దగ్గరికొస్తే ముందు ఏం చేస్తావని. "ముందు వింటాను సార్" అని చెప్పింది. బాగా చెప్పావన్నారు. ఆ తర్వాత ఆ సంస్థ నుంచి ఒక్క మాట లేదు. వెయిటింగ్ లిస్టులో పేరు కనిపించింది. ఫోన్ చేస్తే వెబ్‌సైట్ చూసుకోమన్నారు. వెబ్‌సైట్‌లో ఏ మార్పూ లేదు. మెయిళ్లకు జవాబు లేదు. ఈ సీటు వస్తుందేమోనన్న ఆశతో ఇక్కడి కౌన్సెలింగ్ విడతలు వదులుకుంది. చివరికి అక్కడ క్లాసులు మొదలైపోయాయని ఒక వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన ఫొటో చూసి తెలుసుకుంది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసింది, ఏడవలేదు. "నేను వద్దనుకుంటే ఆ ముక్కే చెప్పొచ్చు కదా మేడమ్" అంది. తర్వాత స్పాట్‌లో చేరింది. ఫీజు కోసం వాళ్లమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుంది. ఆ అప్పు వాళ్లింట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ ఎదురుచూపు అందరికీ ఒకేలా ఉండదు. చేతిలో డబ్బున్న ఇంటి పిల్లలు ప్రైవేటు యూనివర్సిటీలో సీటు కట్టేసి నిశ్చింతగా ఉంటారు. పేదింటి పిల్లకు ఆ నాలుగైదు నెలలూ పరీక్షే. హాస్టల్ ఖాళీ చెయ్యాలి. ఊరికి వెళ్తే "చదువైపోయిందిగా" అంటూ సంబంధాలు మొదలవుతాయి. ఏ జవాబూ లేని పిల్ల, పెద్దవాళ్లకు ఏం చెప్పి ఆపగలదు? సీటు వచ్చిందన్న కాగితం చేతిలో ఉంటే ఒక పెళ్లి ఆగుతుంది. రాలేదన్న కాగితం ఉన్నా మరో దారి వెతుక్కోవచ్చు, బీఈడీకో ఉద్యోగానికో పోవచ్చు. ఏదీ లేనప్పుడు ఇంట్లో ఆ పిల్ల మాటకు విలువ లేకుండా పోతుంది. అబ్బాయిలైతే ఈలోగా హైదరాబాద్ వెళ్లి డెలివరీ బండ్లు ఎక్కుతారు, నెల జీతం ఇంటికి అలవాటయ్యాక మళ్లీ చదువు ముఖం చూడరు. బాల్యవివాహాలు ఆపగలిగిన అమ్మాయినీ, బడి మానేసిన పిల్లల్ని తిరిగి తేగలిగిన అబ్బాయినీ మనమే ఇలా పోగొట్టుకుంటున్నాం.

సిబ్బంది లేరంటారు. కోర్టు కేసులంటారు. డిగ్రీ ఫలితాలు ఆలస్యమయ్యాయంటారు. కొంత నిజమే, ఏళ్ల తరబడి భర్తీకాని పోస్టులు నాకూ తెలుసు. కానీ దరఖాస్తు రుసుం కట్టిన మరుక్షణమే ఫోనుకు మెసేజ్ వస్తుందే, మెయిల్‌కు రశీదు వస్తుందే! డబ్బు అందిందని చెప్పడానికి పనిచేసే కంప్యూటర్, సీటు లేదని చెప్పడానికి ఎందుకు పనిచేయదు? ఫలితాలు ఆలస్యమైతే ఆలస్యమవుతుందని చెప్పండి. కేసు ఉంటే ఉందని చెప్పండి. మూడు వాక్యాలు రాసి పెట్టడానికి కొత్త పోస్టులు మంజూరు కానక్కర్లేదు. ఇన్ని వేలమంది ఆదుర్దాగా చూస్తుంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవడానికి సిబ్బంది కొరత కారణం కాదు. ఈ పిల్లలు అడగరు, అడిగినా ఏమీ చేయలేరు అన్న ధీమాయే కారణం.

ఎమ్మెస్‌డబ్ల్యూ మొదటి సెమిస్టర్‌లోనే ఫెలిక్స్ బీస్టెక్ సూత్రాలు చెప్తారు. కేస్‌వర్క్ మీద 1957లో ఆయన రాసిన పుస్తకంలోవి. అందులో మొదటిది, ఎదురుగా ఉన్న ప్రతి మనిషినీ విడి మనిషిగా చూడమన్నది. ఆ సూత్రం పరీక్షలో రాయించి మార్కులేసే అధ్యాపకులారా, మీ విభాగంలో చేరాలని వచ్చిన మనిషిని అప్లికేషన్ నంబరుగా మిగిల్చారు. ఏ ఫైలూ మా చేతుల్లో లేదని మీరనొచ్చు. విభాగాధిపతి సంతకంతో ఒక ఉత్తరం రాయడానికి ఎవరి అనుమతి కావాలి? మీరు గట్టిగా అడిగితే అడ్మిషన్ల డైరెక్టరేట్ వినదా? ఫీల్డ్ వర్క్‌కు పంపే పిల్లలకు కలెక్టరేట్‌లో ఎలా నిలబడి అడగాలో నేర్పేవాళ్లు మీరు. మీ సొంత ఆఫీసులో మీరెందుకు అడగరు?

ఫిర్యాదు చేద్దామంటే చోటూ లేదు. లాయర్లకు బార్ కౌన్సిల్ ఉంది, నర్సులకు నర్సింగ్ కౌన్సిల్ ఉంది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆస్పత్రుల్లో పనిచేసే సోషల్ వర్కర్లను తన పరిధిలోకి తెచ్చింది. సోషల్ వర్క్ వృత్తి మొత్తాన్నీ, ఆ చదువునీ చూసుకునే సొంత చట్టబద్ధ మండలి మాత్రం ఈ దేశంలో లేదు. అడిగేవాడు లేకపోవడంతో ఎవరి ఇష్టం వాళ్లదైంది.

మేం అడుగుతున్నవి ఆకాశంలో చుక్కలు కావు. నోటిఫికేషన్‌లోనే లిస్టుల తేదీలు వెయ్యండి, తప్పితే కొత్త తేదీ అదే రోజు చెప్పండి. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు నిరుడు ఏ నంబరు దాకా సీటు వచ్చిందో చూపించండి. రానివాళ్లకు రాలేదని ఒక మెసేజ్ పంపండి. ఫోనెత్తే మనిషి ఒకరిని పెట్టండి. రాష్ట్రాల కౌన్సెలింగ్ తేదీలను కేంద్రీయ సంస్థల తేదీలతో కలిపి చూసుకోండి. మీ ఆలస్యం వల్ల స్పాట్‌లో చేరాల్సి వచ్చిన పిల్లలకు రీయింబర్స్‌మెంట్ ఇవ్వండి.

పిల్లలకు ఒక మాట. వాళ్లు జవాబివ్వలేదంటే మీరు పనికిరారని కాదు. మౌనంగా కుమిలిపోకండి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే 2005 సమాచార హక్కు చట్టం కింద మీ దరఖాస్తు సంగతి రాతపూర్వకంగా అడగండి, 30 రోజుల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత. ఒక్కరే అడగడానికి భయమైతే పదిమంది కలిసి సంతకాలు పెట్టండి. రేపు మీరు వృద్ధుల పింఛన్ల కోసం, పిల్లల బడి కోసం ఆఫీసుల్లో అడగాల్సింది ఇలాగే.

ఆఫీసుల్లో కూర్చున్న పెద్దలకు ఆఖరి మాట. ఆ పిల్ల దగ్గర రుసుం తీసుకున్న రోజే మీరు ఒక జవాబు బాకీ పడ్డారు. సీటు ఇవ్వడం మీ చేతిలో ఉండకపోవచ్చు, జవాబు మాత్రం ఉంది. ఆ బాకీ తీర్చండి.