పదును గురించి పదునులేని మాటలు

తెలుగులో వ్రాసేవారికి సానరాయి మీద ఇంత మోజు ఎందుకో నాకు బోధపడదు. కవి మాటకు సానపడతాడు, కథకుడు శైలికి సానపడతాడు, విమర్శకుడైతే ఊరందరి బుద్ధులకూ సానపడతాడు. నేనూ ఆ మాటను పలుమార్లు వాడినవాణ్ణే గనుక ముందుగా నా చెంపలు నేనే వేసుకుంటున్నాను. అయితే నిజంగా ఒక ఉక్కు పనిముట్టుకు సానపట్టవలసి వస్తే మనవాళ్ళు చెప్పే మాట ఒక్కటే: "పారేసి కొత్తది కొనుక్కో."

మా పెరటి రేకుల షెడ్డులో ఒక లేతు, ఒక చిన్న మిల్లింగు యంత్రం ఉన్నాయి. మొన్నొక ఆదివారం అరిగిన కట్టర్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు మా బావమరిది వచ్చాడు. "బావా, నాలుగొందలు పడేస్తే కొత్తది వస్తుంది కదా! దీనికోసం పండుగలాంటి పూట ఈ దుమ్ములో కూర్చుంటావా? నీ గంట ఖరీదెంతో ఎప్పుడైనా లెక్క వేశావా?" అన్నాడు. అతడు లెక్కల మనిషి. నా తగువు ఆ లెక్కతోనే.

మిల్లింగు కట్టరు ఒక్కరోజులో చచ్చిపోదు. కోసే అంచును ఆనుకుని వెనుకవైపు సన్నని మెరుపు పట్టీ ఒకటి ఏర్పడుతుంది. అది పావు మిల్లీమీటరు వెడల్పుకు వచ్చేసరికి కట్టరు కోయడం తగ్గించి రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దితే వేడి, వేడితో మరింత అరుగుదల. చప్పుడు మారుతుంది, గాడి అంచున ముళ్ళు లేస్తాయి, కొలత తప్పుతుంది. "కొత్తది కొనుక్కో" అనే పెద్దమనుషులు ఆ పట్టీ కనబడగానే కొంటారా? కొనరు. ఇంకొక్క పని కానిద్దామంటారు, ఆ తరువాత మరొక్కటి. చివరకు పన్ను విరిగినప్పుడు అంగడికి వెళతారు. కొత్తదనాన్ని సమర్థించే ఈ వర్గమే ఏడాది పొడవునా మొద్దు కట్టరుతో పనిచేస్తుంది! మొద్దుబారిన క్షణానే దాన్ని తీసి పక్కన పెట్టే ధైర్యం సానపట్టడం తెలిసినవాడికే ఉంటుంది. మా బావమరిది లెక్కలో చెడిపోయిన పనుల పద్దు లేదు.

ఆ లెక్కలో లేనిది మరొకటి ఉంది. నాలుగొందలకు వచ్చే ఆ వస్తువులో ఏముంది? ఎం2 రకం హైస్పీడు ఉక్కులో ఇంచుమించు నూటికి ఆరు పాళ్ళు టంగ్‌స్టను, ఐదు పాళ్ళు మాలిబ్డినం, నాలుగు పాళ్ళు క్రోమియం, రెండు పాళ్ళు వనేడియం. ప్రపంచపు టంగ్‌స్టనులో సుమారు నాలుగైదో వంతులు చైనా నుండి వస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఆ దేశం టంగ్‌స్టను ఎగుమతులకు అనుమతి తప్పనిసరి చేసింది. అర మిల్లీమీటరు అరుగుదల కోసం అంతటి లోహాన్ని పాత ఇనుములో మేకులతో పాటు కలిపి అమ్మేవాణ్ణి పొదుపరి అని ఎలా అనడం?

ఇక రెండో వర్గం. వీరు మరీ ప్రమాదకరమైనవారు. "సానపట్టడమెంత, బెంచి గ్రైండరు మీద చేత్తో పెట్టేస్తాను" అంటారు. డ్రిల్లుకైతే ఒప్పుకుంటాను, లేతు టూలుకైతే సంతోషంగా ఒప్పుకుంటాను. నాలుగు పళ్ళ ఎండ్‌మిల్లుకు మాత్రం కుదరదు. నాలుగు పళ్ళూ ఒకే ఎత్తులో లేకపోతే అన్నిటికన్నా ఎత్తైన పన్నే పని మొత్తం చేస్తుంది, తక్కినవి తీర్థానికి వచ్చినవారిలా తిరుగుతుంటాయి. చేతివాటంతో వందో వంతు మిల్లీమీటరు తేడా పట్టుకోగలిగిన మహానుభావుణ్ణి నేనింకా చూడలేదు.

అందుకు కావలసింది పెద్ద యంత్రమేమీ కాదు. కాలెట్టు పట్టే నలుచదరపు దిమ్మె ఒకటి, వాలుగా బిగించగల బల్ల ఒకటి, హైస్పీడు ఉక్కుకు సరిపడే తెల్లని అల్యూమినియం ఆక్సైడు కప్పు చక్రం ఒకటి. దిమ్మెకు నాలుగు ముఖాలు, కట్టరుకు నాలుగు పళ్ళు. ఒక పన్ను అంచు సరిగా అడ్డంగా నిలిచేలా బిగించుకుంటే, తక్కిన మూడూ దిమ్మెను త్రిప్పగానే వాటంతటవే వస్తాయి. చివరి పళ్ళకు మొదటి వాలు ఆరేడు డిగ్రీలు, దాని వెనుక రెండో వాలు పదిహేను డిగ్రీల దాకా. పన్ను బయటి మూల కన్నా నడుమ భాగం కాస్త లోతుగా ఉండాలి గనుక బల్లను పక్కకు ఒకటి రెండు డిగ్రీలు మళ్ళించాలి. అసలు కిటుకు, నాలుగు పళ్ళూ పూర్తయ్యేవరకు చక్రపు స్థానాన్ని ముట్టుకోకపోవడం. ఈ సానతో పొడవు మాత్రమే తగ్గుతుంది, వ్యాసం తగ్గదు. పది మిల్లీమీటర్ల గాడి పదిగానే వస్తుంది.

ఇక్కడే నీళ్ళ సంగతి చెప్పాలి. ఉక్కు రంగు మారగానే నీళ్ళలో ముంచే అలవాటు కొడవలికీ ఉలికీ పట్టే సాన నుండి వచ్చింది. హైస్పీడు ఉక్కు అయిదారు వందల డిగ్రీల వేడిలోనూ కాఠిన్యం పోగొట్టుకోదు, దాని ప్రతిభే అది. కాలుతున్నప్పుడు నీళ్ళలో ముంచితేనే కంటికి కనబడని పగుళ్ళు పుడతాయి. తేలికగా తాకించి, చల్లారనిచ్చి, మళ్ళీ తాకించాలి. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి అని వేరే చెప్పనక్కరలేదు.

నా అజ్ఞానం కథ కూడా చెప్పకపోతే ఈ వాదానికి న్యాయం జరగదు. లేతుకు నలభై పళ్ళ చక్రం కోయడానికి గేరు కట్టరు ఒకటి కొన్నాను. కొంతకాలానికి అది మొద్దుబారింది. ఎండ్‌మిల్లు విద్య వచ్చిందన్న గర్వంతో దాని పళ్ళ వెనుకవైపు సానపట్టాను. తళతళలాడింది. దానితో కోసిన చక్రం మాత్రం జతచక్రంతో కలిసి తిరగక గరగరలాడింది. పాత కర్మాగారంలో ముప్పై ఏళ్ళు సానగదిలో పనిచేసిన మేస్త్రిగారికి చూపించాను. ఆయన కట్టరును వెలుతురుకేసి పట్టుకుని, "వీపు గోకారేమిటండీ? దీనికి ముఖం చూడాలి," అన్నారు. తరువాత సుద్దముక్కతో నేలమీద గీసి చూపించారు. గేరు కట్టరు పన్ను వీపును తయారీలోనే ఒక ప్రత్యేకమైన వంపుతో చెక్కుతారు. ముందరి ముఖాన్ని ఎంత వెనక్కు అరగదీసినా అంచు ఆకారం మారదు. ఆ ముఖపు తలం ఇరుసు కేంద్రానికి గురిపెట్టి ఉండాలి, అంతే. వీపును ముట్టుకున్నామా, ఆకారమే పోయింది. కట్టరు తయారుచేసినవాడు మళ్ళీ మళ్ళీ సానపట్టడం కోసమే ఆ వంపును పెట్టాడు. ఒక్కసారి వాడి పారేయడానికైతే ఆ శ్రమ ఎందుకు?

1943లో మొదలైన ప్రాగా టూల్స్ మన సికిందరాబాదులో కట్టర్లకు సానపట్టే యంత్రాలే తయారుచేసింది. ఆ పేరున్న పాత యంత్రాలు నేటికీ చేతులు మారుతున్నాయి. 1968లో టూల్ డిజైను కోసం కేంద్ర సంస్థ బాలానగరులో వెలిసింది. ఇంతటి ఊళ్ళో ఉంటూ ఆ విషయం నాకు సుద్దముక్కతో తెలియవలసి వచ్చింది. మేస్త్రిగారి దగ్గర నేర్చుకున్నవారు ఎందరని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు.

ప్రతివాదులకు ఇవ్వవలసింది ఇచ్చేస్తాను. ఆరు మిల్లీమీటర్లకన్నా సన్నని కట్టర్లకు ఈ శ్రమ దండగ. కార్బైడుకు వజ్రపు చక్రం కావాలి, నాబోటివాడు దాన్ని తుక్కు కొనేవాడికి విడిగా అమ్మడమే మేలు. ఆచార్య చాడక్ 1970లలో ఇంగ్లండులో రూపకల్పన చేసిన క్వార్న్ సానయంత్రం అద్భుతమే కానీ, దాన్ని ఇంట్లో తయారుచేయడం మొదలుపెట్టినవాడు కట్టర్ల సంగతి చాలాకాలం మరచిపోతాడు. నలుచదరపు దిమ్మె ఒక్క పూటలో తయారవుతుంది.

పక్క పళ్ళ విద్య నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. మెలి తిరిగిన అంచు వెంట వేలులాంటి ఆధారాన్ని ఆనించి, కట్టరును జరుపుతూ త్రిప్పుతూ పోవాలి. వ్యాసం తగ్గుతుంది గనుక ఆపైన దాన్ని చదును చేయడానికే వాడాలి. ఇప్పటికి రెండు కట్టర్లు చెడగొట్టాను. మూడోది దిమ్మెలో బిగించి ఉంది. మేస్త్రిగారు వచ్చే ఆదివారం వస్తానన్నారు.