ఆరోగ్య విషయములు: ఊపిరితిత్తిలోని నీడ



విడువని దగ్గునకు ఛాతీ యెక్స్‌రే తీయించినపుడు ఊపిరితిత్తిలో నీడ కనబడినచో, మన దేశమున నింటిల్లిపాదికిని మొదట స్ఫురించునది క్షయ. అది సహజమే. కాని కళ్లెలో క్షయక్రిములు కానరాక, మందులు వాడినను నీడ తొలగకున్నచో, క్షయయే యని నెలలకొలది కాలము గడుపుట ప్రమాదకరము. క్యాన్సరు, బూజుజాతి క్రిములు, పావురముల రెట్టధూళిచే గలుగు వాపు, ఇవన్నియు నట్టి నీడనే కల్పింపగలవు. ఊపిరితిత్తి నుండి ఆవగింజయంత తునకను దీసి సూక్ష్మదర్శినితో బరీక్షించినచో భేదము తెలియును. దీనినే బయాప్సీ యందురు.

నీడ యున్న చోటును బట్టి మార్గము మారును. శ్వాసనాళములకు దాపున నున్నచో, ముక్కుననో నోటనో సన్నని గొట్టమును బంపి, చిన్న పటకారుతో తునకను దీయుదురు. 1897లో జర్మనీ వైద్యుడు గుస్తావ్ కిలియన్ గట్టిగొట్టము సాయమున నొక రైతు శ్వాసనాళమున జిక్కిన యెముకను దీసెను. 1960లలో జపాను వైద్యుడు షిగెటో ఇకెడా వంగెడి గొట్టమును గల్పించిన పిమ్మట రోగుల శ్రమ మిక్కిలి తగ్గెను. నీడ ఛాతీగోడ చెంత నున్నచో, నొప్పి తెలియకుండ మందిచ్చి, సి.టి. స్కానులో జూచుచు సూదిని బంపుదురు. ఊపిరితిత్తి యంతటను మచ్చలు వ్యాపించినపుడు ఒక్కొక్కయెడ మత్తిచ్చి, ప్రక్కయెముకల నడుమ చిన్నరంధ్రములు చేసి తునకను దీయవలసి వచ్చును.

ఇందు కష్టమే లేదనరాదు. సూది పోయిన త్రోవను గాలి వెలువడి ఊపిరితిత్తి కొంత ముడుచుకొనవచ్చును. కళ్లెలో నెత్తురు జీర కనబడవచ్చును. రక్తమును పలుచజేయు మందులు వాడువారు ఆ సంగతి ముందే తెలుపవలెను. ఇంటికి వచ్చిన పిదప ఆయాసము గాని ఛాతీనొప్పి గాని హెచ్చినచో, తెల్లవారనిమ్మనక తక్షణమే వైద్యుని కడకు బోవలెను. ఒక తునకలో నేమియు గానరానంత మాత్రమున రోగము లేదని నిశ్చయింపరాదు.

సూది తగిలిన క్యాన్సరు వ్యాపించునని పలువురు భయపడుదురు. అట్లు జరుగుట మిక్కిలి యరుదు. ఆ భయముచే జరుగు కాలహరణము వలననే హాని యెక్కువ. పొగ త్రాగని స్త్రీలకును ఈ క్యాన్సరు వచ్చును. అందు గొన్ని రకములు మాత్రలకు లొంగును. ఏ రకమో తెలియుటకు సాధారణముగా నా తునకయే యాధారము.

బిడ్డ దగ్గినచో నిదురపోని మనము, మన దగ్గును పొయ్యిపొగకు ముడిపెట్టి త్రోసిపుచ్చుచుందుము. ఇక నట్లు చేయకుడు. చికిత్స జరుగుచుండియు నీడ తగ్గకున్నచో, "అయ్యా! దీనికి తునకపరీక్ష యవసరమా?" యని వైద్యుని నడుగుడు.