గోపాలరావు లోపము

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోటీపరీక్షలకై వచ్చు యువకులకు గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ చదువదగిన కథ. ఇది 1910లో వెలువడెను.

అందలి గోపాలరావు విద్యావంతుడు. అయినను రాత్రులు సానుల పాటలకు పోవుచు, సభలకని భార్య కమలినితో బొంకెను. ఒకనాడు ఆమె ఇంట కానరాకపోగా కోపముతో నౌకరు రాముని కొట్టెను. తప్పు ఒకనిది, దెబ్బ మరియొకనికి! పాటల మోజుకన్న ఇదియే పెద్ద లోపము.

అశోక్‌నగర్‌లో గది తీసికొని, చదువక తిరిగి, పరీక్ష తప్పినప్పుడు ఇంటివారిపై కసరుకొను యువకునిది ఈ లోపమే కాదా? కమలిని లేఖ చదివి గోపాలరావు తన తప్పు తెలిసికొనెను. ఒకరిపై నెట్టని తప్పే దిద్దుకొనదగినది.