రంగుల యాట



నా రెండవ కుమారునకు మూడవయేడు నడచుచుండినప్పటి సంగతి. ఒకనాటి యుదయమున వంటయింట పసుపుకొమ్మును, అరటియాకు ముక్కను, కుంకుమ భరిణెను వాని ముందర పెట్టి రంగుల పేర్లు చెప్పుమంటిని. కుంకుమను జూచి "ఎరుపు" అనెను. ఆకును జూచి "పచ్చ" అనెను. పసుపుకొమ్మును జూచియు "పచ్చ" అనెను. "కాదు, పసుపు" అని దిద్దితిని. మరల "పచ్చ" యనెను. నాలుగవసారి నాకు కోపము వచ్చి వాని చేతిమీద నొక దెబ్బ వేసితిని. వాడు ఏడ్వలేదు; ఏడ్చినను బాగుండెడిది. అటుపిమ్మట నాలుగు దినములు, ఏ రంగు చూపినను "తెలీదు" అను మాట తప్ప వాని నోట వేరొకటి రాలేదు.

మా అత్తగారు చేటలో బియ్యము చెరుగుచు ఇదంతయు గమనించుచునే యుండిరి. "వాడన్నదాంట్లో తప్పేముందే అమ్మాయీ? కామెర్లొస్తే పచ్చకామెర్లంటాం, గడ్డిని పచ్చగడ్డంటాం. రెంటికీ ఒక్క మాటే నేర్పింది మనమేగా!" అనిరి.

నేను మిగుల సిగ్గుపడితిని. చిన్ననాడు మా తండ్రిగారియొద్ద అమరము వల్లించినదాననే. అందు తెలుపునకే పదుమూడు పేర్లు కలవు. పసుపువన్నెకు పీతమనియు, ఆకువన్నెకు హరితమనియు వేర్వేరు మాటలున్నవి. మన తెలుగున మాత్రము "పచ్చ" యను నొక్క మాటయే రెండు వన్నెలను మోయుచున్నది. అందుచేతనే ముందొక వస్తువు పేరు చేర్చి పసుపుపచ్చ, ఆకుపచ్చ యని విడదీసికొనుచున్నాము. "ఎర్ర" యను మాటయు నింతే. ఎర్రావు కుంకుమవలె నుండదు, ఎర్రనేలయు నుండదు. పటములలో నీలముగా చిత్రింపబడిన కృష్ణుని నల్లనయ్య యని పిలుతుము. అలవాటుపడిన మనకు ఈ తికమక తోచదు గాని, మూడేండ్లవాడు దీనినెట్లు విప్పుకొనగలడు?

చార్లెసు డార్విను 1877లో తన బిడ్డల మనోవికాసమునుగూర్చి వ్రాయుచు, సామాన్యవస్తువుల పేర్లన్నియు వచ్చిన పిమ్మటగూడ వారిలో ఇద్దరు, బహుశః ముగ్గురు, బొమ్మలలోని రంగులకు సరియైన పేర్లు చెప్పలేకపోయిరనియు, ఎన్నిమారులు నేర్పినను రాకపోవుటచే వారికి వర్ణాంధత్వము కలదని తాను నిశ్చయించితిననియు, తరువాత ఆ భయము నిరాధారమని తేలెననియు చెప్పెను. జీవకోటినంతయు ఓర్పుతో పరిశీలించిన ఆ తండ్రియే తొందరపడెననగా, పొయ్యిమీద పప్పు మరుగుచుండగా పాఠము చెప్పు మనమాట వేరుగ చెప్పనేల?

కంటికి తెలియుట వేరు, నోటికి వచ్చుట వేరు. నాలుగైదు నెలల శిశువే రంగుల భేదమును కనిపెట్టగలదు. పేరు నిలుచుటకు మూడు నాలుగేండ్లు పట్టవచ్చును. 1907లో రోము నగరపు బీదల పేటలో శిశుగృహమును తెరచిన మేరియా మాంటిసోరి ఈ రెంటిని వేరుచేసియే బోధించెను. ఆమె రంగుపలకల మొదటి పెట్టెలో ఎరుపు, పసుపు, నీలము మాత్రమే, ఒక్కొక్కటి రెండేసి చొప్పున నుండును. బిడ్డ చేయవలసినది జతను జతతో చేర్చుట. అది చక్కగా వచ్చిన పిమ్మటనే పేరు. మొదట "ఇది ఎరుపు" అని చెప్పుట, తరువాత "ఎరుపేది? చూపుము" అనుట, కట్టకడపట "ఇది యేమి?" అని యడుగుట. ఈ మూడు మెట్లను ఆమె సెగాన్ అను ఫ్రెంచి వైద్యుని గ్రంథములనుండి గ్రహించెను. నేను చేసిన పొరపాటు మూడవ మెట్టు మీదినుండి ఆరంభించుట. ఆమె 1939లో చెన్నపురికి వచ్చి, యుద్ధము ముగియువరకు ఈ దేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ మొసగెను.

ఆ పలకలను కొనవలసిన పనిలేదు. దర్జీయొద్ద మిగిలిన రవికగుడ్డ ముక్కలు చాలును. ఒకే తరగతి గుడ్డను, ఒకే కొలతకు, రంగునకు రెండేసిగా కత్తిరింపుడు. కొలతయు నేతయు ఒకటిగా నుండవలెనని యేల యనుచున్నాననగా, మనమందరము ముందుగా పప్పుధాన్యములకడకు పోవుదుము. కందిపప్పు, పెసలు, మినుములు కలిపిపోసి యేరుమన్నచో పిల్లలు గంటసేపు కదలరు, నిజమే. కాని వారు ఆకారమును బట్టి యేరుచున్నారో, రంగును బట్టి యేరుచున్నారో మనకు తెలియదు. పైగా ముక్కులో మినపగింజ దూర్చుకొననిదే కొందరికి ఆట ముగియదు! గురువింద గింజలను మాత్రము పిల్లల దరికి రానీయకుడు. ఎరుపు నలుపు ఒక్క గింజలోనే చూపవచ్చునని నేనును ఆశపడితిని. అది నమలినచో ప్రాణాంతకమైన విషము. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేయు లక్కపిడతలు ఈ యాటకు బహు చక్కనివి. వన్నె తెలియని చవుక బొమ్మలలో సీసము కలిసిన రంగుండవచ్చును. పిల్లలు నోటబెట్టుకొనక మానరు గదా.

పేరు చెప్పునప్పుడు "ఎర్ర బంతి" యనుటకంటె "ఈ బంతి ఎరుపు" అనుట మేలు. రెండేండ్ల ఆంగ్లభాషా శిశువులపై జరిగి 2010లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, వస్తువును ముందు, రంగును వెనుక చెప్పినపుడే ఆ పేర్లు బాగుగ పట్టువడినట్లు కానవచ్చినది. మా యింటను అట్లే చెప్పితిమి.

మావానికి మాట మరల వచ్చినది మాత్రము ఒక పళ్లెరమువలన. పసుపునీటిలో చిటికెడు సున్నము కలిపితిని. నీరెల్ల ఎఱ్ఱబడినది. హారతికి మనము నిత్యము చేయునదే, వానికది ఇంద్రజాలము. నిమ్మరసము పిండగా మరల పసుపైనది. "అమ్మా, ఎరుపు పోయింది! పసుపుపచ్చ వచ్చింది!" అని కేకవేసెను. ఐదవనాటి మాట అది. (సున్నము తల్లి చేతనే యుండవలెను; కంట పడినచో ముప్పు.)

ఇక రెండవ సంగతి. జత కలుపు ఆట బిడ్డకు వినోదమే గాక, తల్లికి పరీక్షయు నగును. పేరు తప్పు చెప్పి జత సరిగా కలుపువాడు ఇంకను నేర్చుకొనుచున్నాడు. ఐదేండ్లు నిండినను, పగటి వెలుతురున గూడ, జతయే తప్పుచున్నచో ఆలోచింపవలెను. మా వీథిలో ఆరేండ్ల బాలుడొకడు ఆకుపచ్చ గుడ్డను మట్టిరంగు గుడ్డతో జతచేయుచుండెను. పెరటిలో పండుమిరపకాయలు కోసి తెమ్మన్నచో పచ్చివియు తెచ్చెడివాడు. సోమరియని, మాట లక్ష్యపెట్టడని తిట్లు తినెను. కంటివైద్యుడు, జపానుదేశపు ఇషిహర 1917లో కూర్చిన చుక్కల పటములతో పరీక్షించి, ఎరుపు ఆకుపచ్చల భేదము తెలియని వర్ణాంధత్వమనెను.

ఇది పుట్టుకతో వచ్చునది; మందు లేదు, మందని యమ్మువారిని నమ్మకుడు. ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో నూటికి ఎనమండుగురికి, స్త్రీలలో రెండువందలకు ఒకతెకు ఉండును. తల్లికి చూపు చక్కగానున్నను, ఆమె ద్వారా కుమారునకు సంక్రమించును; తరచుగా మేనమామకును ఉండును. ఈ మాట వినగానే ఆ యింట, "మీ పుట్టింటి సొమ్మే" యని కోడలిని దెప్పిరి. ఆమె నాయొద్దకు వచ్చి యేడ్చినది. కంటి రంగువలె, జుట్టు వంకులవలె వచ్చిన దానికి ఎవ్వరి దోషమని చెప్పుదుము? ఆమె యన్నగారిని అడుగగా, తానును బట్టలు కొనునపుడు రంగు అంగడివానినే యడుగుచుందునని నవ్వుచు చెప్పెనట. నలువదేండ్లు ఎవ్వరికిని తెలియదు.

బడిపంతులుగారికి ముందే చెప్పవలెను. దేశపటములోని రంగులను, నల్లబల్లమీది రంగుసుద్ద వ్రాతను ఇట్టి బాలుడు పోల్చలేకపోవచ్చును. రైలు నడపుట మొదలగు కొన్ని కొలువులకు రంగుచూపు పరీక్ష యుండును గనుక, వాడు పెద్దవాడై ఆశపెట్టుకొనకముందే తెలిసియుండుట మంచిది. ఇప్పుడు మిరపకాయలు కోయుటకు చెల్లెలు వాని వెంటబోవుచున్నది. పండినవి యది వ్రేలుపెట్టి చూపును. దానికందని కొమ్మలవి వాడు కోయును.