తుక్కు కారు విప్పితే కొలువు దొరుకుతుందా?

15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోయింది. సొంత కారుకు 15 ఏళ్లు నిండితే రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 రూపాయల నుంచి 5 వేలకు పెరిగింది. కాలం చెల్లిన వాహనాలపై కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన కొత్త నిబంధనలు 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఈ మూడింటినీ కలిపి చూస్తే పాత బండిని విప్పడం ఇక షెడ్డు పని మాత్రమే కాదు, పరిశ్రమగా మారుతోందని అర్థమవుతుంది.

ఇంకోవైపు సెకండ్‌హ్యాండ్ మారుతి 800 ఒకటి కొని, విప్పి, ఆ పార్టులతో సొంతంగా బగ్గీ కట్టేద్దాం అనే ఆలోచన మెకానికల్ విద్యార్థుల్లో ఎప్పుడూ ఉండేదే. రాజాం, చింతలవలస, టెక్కలి.. ఏ క్యాంపస్ అయినా ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే ఈ మాట వస్తుంది. ఆలోచన మంచిదే. కానీ ఇంట్లో వాళ్ల డబ్బు అందులో పెట్టే ముందు చట్టం ఏమంటోంది, ఉద్యోగానికి ఇది ఎంతవరకు పనికొస్తుంది అనేవి తెలుసుకోవాలి.

డోనర్ కారు ఎందుకు?

కొత్త కారు కట్టడానికి తన పార్టులన్నీ ఇచ్చే పాత కారే డోనర్ కారు. ఒక్కో పార్టు ఒక్కో చోట కొంటే ఒకదానికొకటి కుదరవు. ఒకే బండి నుంచి తీస్తే ఇంజిన్, గేర్‌బాక్స్, డ్రైవ్ షాఫ్టులు, హబ్‌లు, బ్రేకులు, స్టీరింగ్ ర్యాక్, వైరింగ్ అన్నీ జతగా వస్తాయి. లాభం అక్కడే ఉంది.

మారుతి 800 దీనికి బాగా సరిపోతుంది. బరువు సుమారు 650 కిలోలు, ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందే ఉండి ముందు చక్రాలనే తిప్పుతాయి. ఆ సెట్ మొత్తాన్ని అలాగే తీసి డ్రైవర్ వెనక పెడితే వెనక చక్రాలతో నడిచే బగ్గీ తయారవుతుంది. అయితే ముందు ఉన్నప్పుడు పక్కకు తిరిగే హబ్‌లు వెనక్కి వెళ్లాక తిరగకుండా టై రాడ్లను బిగించాలి. గేర్ లింకేజీని కొత్తగా చేయాలి. రేడియేటర్‌కి గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకోవాలి. ఈ మూడూ కాగితం మీద తేలిగ్గానే కనిపిస్తాయి, షెడ్డులోకి వెళ్లాకే సంగతి తెలుస్తుంది.

రోడ్డెక్కుతుందా?

బ్రిటన్‌లో 1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ను కిట్‌గా కూడా అమ్మేవారు. పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను ఉండేది కాదు. కిట్ కార్లు అక్కడ అలా పెరిగాయి. ఇంట్లో కట్టిన ఒక్క కారును కూడా పరీక్షించి రోడ్డు మీదకు అనుమతించే పద్ధతి ఈరోజుకీ అక్కడ ఉంది.

మన దగ్గర అలాంటి తేలికైన దారి లేదు. ఏ మోడల్ అయినా పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థలో టైప్ అప్రూవల్ పొందాలి. అది కంపెనీలు భరించే ఖర్చు, విద్యార్థులకు అందేది కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్లకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేర్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు.

కాబట్టి మీ బగ్గీ కాలేజీ గ్రౌండ్‌లో, పోటీ ట్రాక్‌లో తిరగాల్సిందే. జాతీయ రహదారి 16 ఎక్కిస్తానంటే కుదరదు. పాత కారు నంబర్ ప్లేటు తీసి దీనికి తగిలిస్తే మరీ ప్రమాదం.

కొనేటప్పుడు ఆర్సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో స్వయంగా చూడండి. లోన్, చలాన్లు పెండింగ్ ఉన్నాయేమో తెలుసుకోండి. దొంగ బండి అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కింద కేసు అవుతుంది. బండి ఇక వాడకానికి పనికిరాకుండా పోతే యజమాని 14 రోజుల్లో ఆర్టీవోకు తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. కాలం చెల్లిన బండినైతే 180 రోజుల్లోగా రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కు ఇవ్వాలని కొత్త నిబంధనలు చెబుతున్నాయి. అందుకే ప్రాజెక్టుకు బిల్లు ఇచ్చే చోట పార్టులు కొనడమే క్షేమం.

ఉద్యోగాలు ఎక్కడ?

స్క్రాపింగ్ సెంటర్ల నిబంధనలు 2021 సెప్టెంబరులో వచ్చాయి. మహీంద్రా, ఎంఎస్‌టీసీ కలిసి సెరో పేరుతో అంతకంటే ముందే మొదలుపెట్టాయి. మారుతి సుజుకి, టొయోట్సు కలిసి 2021లో నోయిడాలో సెంటర్ తెరిచాయి. టాటా మోటార్స్ రీవైర్ పేరుతో 2023లో జైపుర్‌లో ప్రారంభించింది. 2025 నిబంధనల ప్రకారం కంపెనీలు తాము గతంలో అమ్మిన బండ్లలోని ఉక్కులో కొంత వాటాను రీసైక్లింగ్ ద్వారా తిరిగి తెచ్చినట్టు చూపించాలి. మొదటి ఐదేళ్లు 8 శాతం, తర్వాత 13, 2035-36 నుంచి 18. అంటే ఈ పనికి గిరాకీ చట్టమే పెంచుతోంది.

అలాగని వేలల్లో కొలువులు రేపే వస్తాయని అనుకోవద్దు. ఒక్కో సెంటర్‌లో ఇంజినీర్లు కొద్దిమందే ఉంటారు. ఆయిల్, ఏసీ గ్యాస్, బ్యాటరీ సురక్షితంగా తీయించడం, పనికొచ్చే పార్టులను గ్రేడ్ చేయడం, వాహన్ పోర్టల్ పత్రాలు, రీసైక్లింగ్ లెక్కలు.. ఇవీ అక్కడి పనులు. ఇదే నైపుణ్యం సెకండ్‌హ్యాండ్ కార్ల తనిఖీకి, సర్వీస్ సెంటర్లకు, మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్ పనికి కూడా పనికొస్తుంది. సర్వేయర్ కావాలంటే ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా తర్వాత శిక్షణ, పరీక్ష పూర్తిచేసి ఐఆర్‌డీఏఐ లైసెన్స్ తీసుకోవాలి. ఏ పార్టు బాగుచేయొచ్చు, ఏది మార్చాలి అన్నది బండి విప్పినవాడికి తెలిసినంతగా పుస్తకం చదివినవాడికి తెలియదు.

మన జిల్లాల్లో అసలు చిక్కు వేరే ఉంది. గాజువాక ఆటోనగర్‌లోనో, మన ఊరి బైపాస్ పక్క షెడ్డులోనో ఇరవై ఏళ్లుగా బండ్లు విప్పుతున్న మేస్త్రీకి సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ ఉన్న మనకు చేతిపని లేదు. పరిశ్రమ పద్ధతిగా మారేటప్పుడు ఇద్దరూ బయట ఉండిపోయే ప్రమాదం ఉంది. మేస్త్రీలకు పాత అనుభవాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ స్కీమ్ ఉంది. మనకు మాత్రం షెడ్డుకు వెళ్లడమే దారి.

ఇప్పుడేం చేయాలి?

సెలవుల్లో నెల రోజులు షెడ్డులో పనిచేయండి. బండి విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ముందు బ్యాటరీ, తర్వాత పెట్రోలు, ఆయిల్ తీసేయాలి. ఏసీ గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా మెషీన్ ఉన్నవాళ్లతో తీయించండి. వైరింగ్‌ను కోయొద్దు. ప్రతి కనెక్టర్‌కి లేబుల్ కట్టి మొత్తం హార్నెస్‌ను ఒకటిగా బయటకు తీయండి. బోల్టులు ఏ పార్టువి ఆ పార్టు పేరుతో కవర్లలో వేయండి. ప్రతి పార్టు బరువు, అరుగుదల, మళ్లీ వాడొచ్చా లేదా అన్నది ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకోండి.

ఇంటర్వ్యూలో కారు కట్టామని చాలామంది చెబుతారు. ఏ పార్టు ఎందుకు వాడలేదో లెక్కతో చూపించేవాళ్లు తక్కువ. అందుకే ఆ ఎక్సెల్ షీట్‌ను రెజ్యూమెతో పాటు తీసుకెళ్లండి. పది నిమిషాలు దాని మీదే ప్రశ్నలు అడిగితే సమాధానం మీ చేతిలోనే ఉంటుంది. ఇక స్క్రాపింగ్ సెంటర్‌లో ఉద్యోగం గ్యారంటీ, ముందు ట్రైనింగ్ ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ డబ్బుతో ఒక మంచి స్పానర్ సెట్ కొనుక్కోండి.